సాక్ష్యం చెప్పిన ఎడమ కాలు

కార్ఖానా, సికింద్రాబాద్,
12 జూలై 1987.

ఒసే సీతాలూ,

ఇక్కడ అందరం క్షేమం, నా ఎడమ కాలు తప్ప.

మూడు వారాల కిందట గ్యాసు సిలిండరు జరపాల్సి వచ్చింది. మా ఆయన "ఉండు, నేను జరుపుతా" అని పేపరు మడిచేలోపు నేనే వంగి లాగేశాను. నడుంలో టక్కుమంది. అక్కణ్ణించి తొడ వెనకగా, పిక్కలోంచి, చిటికెన వేలిదాకా ఒకటే మంట. అప్పట్నుంచీ కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను, తుమ్మొస్తే చుక్కలు కనిపిస్తున్నాయి. బళ్ళో లెక్కలు నిలబడే చెబుతున్నాను. టీచరు ఏదో కోపంగా ఉందనుకుని ఎనిమిదో తరగతి మొత్తం హోంవర్కు చేసుకొస్తోంది. అదొక్కటే లాభం.

మా ఆయన పోరు పడలేక బేగంపేటలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సయాటికా అన్నాడు. నడుం దగ్గర నరం నొక్కుకుందట. ఏవో మాత్రలు రాసి, "మంచం ఎక్కకండి, నడుస్తూ ఉండండి, చాలామందికి కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది" అన్నాడు. అదే తగ్గుతుందని చెప్పడానికి అంత చదువెందుకే? ఆ చీటీ బైబిల్లో పెట్టి మరిచిపోయాను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని విను. మా చర్చిలో బాధ ఉన్నవాళ్ళు చీటీ రాసి పెట్టెలో వేస్తే, అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆదివారం అందరి ముందూ చదివి ప్రార్థన చేస్తారు. నేను పేరు రాయకుండా "ఒక సహోదరి ఎడమ కాలు" అని మాత్రం రాసి వేశాను. ఆయన చదివారో లేదో, చర్చి చర్చంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. మూడు వారాలుగా గోడకి జారబడి పాటలు పాడుతున్న సహోదరి ఇంకెవరుంటారు చెప్పు!

ఆరాధన అయ్యేసరికి నా చుట్టూ తిరునాళ్ళు. ఒకావిడ వేడి ఇటుకతో కాపడం పెట్టమంది. ప్రేమమణి గారు తలగడ తీసేయమన్నారు, ఆవిడ మరిది రెండు తలగడలు పెట్టుకోమన్నాడు. ఒకాయన తన నడుం బెల్టు అక్కడికక్కడే విప్పివ్వబోయాడు. సువార్తమ్మ గారైతే మధ్యాహ్నానికల్లా మా ఇంటికి ఓ చెక్కబల్ల పంపించింది, దాని మీదే పడుకోవాలట. దాని మీద మా ఆయన అప్పడాలు ఎండబెట్టారు.

ఏ సలహా చెప్పనిది ఒక్క నోవహు గారే. రిటైరైన రైల్వే గార్డు, భార్య పోయాక మౌలాలిలో ఒక్కరే ఉంటారు. ఆయనకీ ఇదే జబ్బు, కాకపోతే కుడి కాలు. "టీచరమ్మా, నీది ఎడమ, నాది కుడి. బాగున్న రెండు కాళ్ళు కలిపితే జెర ఒక మంచి మనిషి తయారైతడు" అన్నారు. నవ్వలేక నడుం పట్టుకున్నాను. ఆయన్ని రైల్వే ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ పరీక్షకి రమ్మని కాగితం ఇచ్చారట. "పోతా, పోతా" అంటూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

ట్రైనింగు కాలేజీలో మన గదికి నోరు నాది, బుర్ర నీది కదా. ఎవరి మాట నమ్మాలో నువ్వు చెప్పు.

కుంటుతూ,
నీ మేబెల్


కాకినాడ,
19 జూలై.

మేబూ,

నీ ఉత్తరం చదివి కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వాను. మా వారు పరుగున వచ్చి "ఎవరు పోయారు?" అని అడిగారు. సువార్తమ్మ గారి చెక్కబల్ల సంగతి చదివి వినిపిస్తే ఆయనా కూలబడి నవ్వారు.

సరే, నవ్వు అయింది. ఏమే, లెక్కల టీచరువి! జవాబు చిన్నదిగా వస్తే తప్పని నీకెవరు చెప్పారు? ఆ డాక్టరు చెప్పిందాంట్లో లోపమేమిటో నాకు కనపడలేదు. ఆ చీటీ బైబిల్లోంచి తీసి మందుల షాపుకి వెళ్ళు. ఇంకొక మాట, ఎవరు ఎంత బతిమాలినా నీ వీపెక్కి తొక్కనివ్వకు.

ఇక్కడ మా వదినకీ అచ్చం ఇదే గోల. కుర్చీలో కూర్చోవడానికి ఆవిడ పడే పాట్లు చూడాలి, ఒక పక్క ఒరిగి, మెల్లిగా, పేకమేడ మీద కూర్చుంటున్నట్టు. డాక్టరు మాటెత్తితే చాలు, కూరలో ఉప్పు సంగతి మాట్లాడుతుంది. మనుషులంతా ఇంతే.

నీ బుర్ర,
సీతామహాలక్ష్మి


కార్ఖానా,
3 ఆగస్టు.

సీతాలూ సీతాలూ సీతాలూ!

తగ్గిపోయిందే! ఈ ఉత్తరం కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. మామూలు మనుషుల్లా కూర్చుని!

బ్రహ్మచారి గారి తైలం. మా కార్ఖానా బస్టాపు వెనక సందులో ఉండే నాటువైద్యుడాయన. పేరు బ్రహ్మచారి, ఇంట్లో ఆరుగురు పిల్లలు. నా కాలు చూసి "అమ్మా, మీ నరం అలిగింది, బుజ్జగించాలె" అన్నాడు. ఎంత బాగా చెప్పాడో చూడు! ఆ బేగంపేట డాక్టరుకి ఇలా ఒక్క ముక్క చెప్పడం వచ్చా? తైలం ఆకుపచ్చగా ఉంటుంది, కంపు మాత్రం భరించలేం. అది రాసుకుని వీధిలోకి వెళితే కుక్కలు కూడా పక్కకి తప్పుకున్నాయి. ఆరు రోజులు రాశాను. శనివారం పొద్దున లేచేసరికి నొప్పి లేదు! వంటింట్లో గుండ్రంగా తిరిగి నాట్యం చేశాను. మా ఆయన పాలగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయారు.

మాలో స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి, అది పద్ధతి. నిన్న వేదిక ఎక్కి చెప్పాను చూడు! "దేవుడు బ్రహ్మచారి గారి చేతుల ద్వారా నన్ను ముట్టాడు" అని ఎడమ కాలు మోకాలి దాకా ఎత్తి చూపించాను. నాలుగు వందల మంది ఒక్కసారి "ఆమేన్" అన్నారు.

నోవహు గారు బయట నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు సాక్ష్యం చెప్పినంక నాకింక ఆసుపత్రి ఎందుకమ్మా? రేపటి సంది నేను సుత షురూ చేస్త" అని, జేబులోంచి ఆ ఆసుపత్రి కాగితం తీసి నాలుగు ముక్కలు చేసేశారు. ఒక మనిషికి దారి చూపించానని ఎంత గర్వంగా ఉందో!

గంతులేస్తూ,
మేబెల్


కాకినాడ,
9 ఆగస్టు.

ఒసే నాట్యకత్తే,

చాలా సంతోషమే. నువ్వు వేదిక మీద కాలెత్తిన దృశ్యం తల్చుకుని మూడు రోజులుగా నవ్వుతున్నాను.

తైలం నాలుగు సీసాలు పార్సిలు పంపు. వదినకి. ఇంత తెలివిగలదాన్నని చెప్పుకునేదాన్ని నూనె సీసాలు అడుగుతున్నానని ఎగతాళి చెయ్యకు. నువ్వు నాతో అబద్ధమాడవు, ఆ ఒక్క ధైర్యంతో అడుగుతున్నాను. తొందరగా పంపు, వదిన ఈ మధ్య నిద్రపోవడం లేదు.

సీత


కార్ఖానా,
24 ఆగస్టు.

సీతా,

సీసాలు పంపలేదు. ఎందుకు పంపలేదో చెబుతాను, చదివి చింపెయ్.

నేను సాక్ష్యం చెప్పింది ఆదివారం పదిన్నరకి. నీకు ఉత్తరం రాసింది సోమవారం పొద్దున. ఆ సోమవారం మధ్యాహ్నం బళ్ళో సుద్దముక్క కింద పడితే వంగాను. అంతే, నడుం నుంచి చిటికెన వేలిదాకా మళ్ళీ అదే మంట, ఈసారి వడ్డీతో సహా. నీ ఉత్తరం అప్పటికే డబ్బాలో వేసేశాను.

నాలుగు వందల మంది ముందు కాలెత్తి చూపించినదాన్ని, ఏ మొహం పెట్టుకుని కుంటనే? అందుకని అందరికంటే ముందు చర్చికి వెళ్ళి ఎవరూ రాకముందే బల్ల మీద కూర్చుంటున్నాను. ఆరాధన అయ్యాక లేవలేను కదా, కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నట్టు అలాగే ఉండిపోతున్నాను. అందరూ వెళ్ళాక బల్లలు పట్టుకుని పాక్కుంటూ బయటికి. నా భక్తి చూసి అయ్యగారి భార్య కరిగిపోయారు, స్త్రీల కూటంలో నన్ను ఆదర్శంగా చూపించారు! నవ్వాలో ఏడవాలో తెలీక దగ్గాను.

ఇంకొకటి ఉంది. ఇది మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. డాక్టరు చీటీ బైబిల్లో మరిచిపోయానన్నాను కదా. మరవలేదు. నీ ఉత్తరం అందగానే మాత్రలు కొన్నాను. పది రోజులు, అన్నం తిన్నాక, ఆయన చెప్పినట్టే వేసుకున్నాను. తైలం రాసిన ఆరు రోజులూ లోపల మాత్రలు కూడా ఉన్నాయి. శనివారంతో మాత్రలు అయిపోయాయి, సోమవారానికి నొప్పి తిరిగొచ్చింది. సాక్ష్యంలో మాత్రల మాట ఎత్తలేదు. ఎత్తితే సాక్ష్యంలో పస ఉండదనిపించింది. అంతేనే, ఇంకే కారణమూ లేదు.

నా మాట విని పద్నాలుగు మంది బ్రహ్మచారి ఇంటి ముందు వరస కట్టారు. వాళ్ళ సంగతి సరే, ఒళ్ళంతా కంపు తప్ప పోయేదేం లేదు. నాకు నోవహు గారిని చూస్తేనే భయంగా ఉంది. తైలంతో తగ్గకపోతే బ్రహ్మచారి ఆయన్ని బోర్లా పడుకోబెట్టి నడుం మీద నిలబడుతున్నాడట, రోజు విడిచి రోజు. "తక్లీఫ్ ఉంటది టీచరమ్మా, ఓర్సుకుంటున్న. నీ సాక్ష్యం ఉన్నది గద" అంటున్నారు. నా మొహంలోకి చూసి నవ్వుతూ అంటున్నారు సీతా. నాకు తల కొట్టేసినట్టుంది.

ఇప్పుడేం చెయ్యను?

మేబెల్


కాకినాడ,
31 ఆగస్టు.

మేబెల్,

చింపలేదు. నాలుగుసార్లు చదివి చెడామడా తిట్టాను. తిట్టినవన్నీ ఇక్కడ రాయడం లేదు, కాగితం చాలదు.

తిట్టే హక్కు నాకూ అంత లేదనుకో. ఆ వదిన నేనే. మే నెల నుంచి నాకూ కాలు లాగుతోంది. నీకు బుద్ధులు చెప్పేదాన్ని, నేనే పక్కకి ఒరిగి కూర్చుంటున్నానని ఎలా రాయనే, నామోషీ కాదూ? ఇంట్లో పసరు కట్లు, ఉప్పు మూటలు, వీధి చివర జగదాంబ గారి మంత్రం, అన్నీ అయ్యాయి. నీ సీసాల కోసం పోస్ట్‌మ్యాన్ కనపడితే చాలు గుమ్మంలోకి దేకాను. నీ ఉత్తరం అందిన మర్నాడు మా వారు రిక్షా పిలిచి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడ డాక్టర్ దేవకృప గారని ఒకావిడ. నన్ను పడుకోబెట్టి కాలు పైకెత్తింది, మడమల మీద నడిపించింది, వేళ్ళ మీద నడిపించింది, పాదం అంతా దూదితో తాకి "తెలుస్తోందా?" అని అడిగింది. నీ బేగంపేట డాక్టరు చెప్పిందే చెప్పింది, మక్కీకి మక్కీ! మంచానికి అతుక్కుపోవద్దు, కొంచెం కొంచెంగా నడవండి, బరువులెత్తొద్దు, హాయిగా ఉంటే వేడి కాపడం పెట్టుకోండి, మాత్రలు నొప్పిని కాస్త తగ్గిస్తాయి, మిగతాది ఒళ్ళే చూసుకుంటుంది, తగ్గుతూ తగ్గుతూ మళ్ళీ పెరగడం కూడా మామూలే. "మరి తైలం రాయొచ్చా?" అన్నాను. "రాసుకోండి, మీ చీరకి ఇష్టమైతే" అంది. నాకావిడ భలే నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిడ ఒక విషయంలో మాత్రం నవ్వలేదు. పాదం పైకి లేవకపోయినా, కాలు సత్తువ తగ్గిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా ఆరోజే ఆసుపత్రికి వెళ్ళాలట, మర్నాటికి ఆగకూడదట. ఆలస్యమైతే ఆ పాదం ఇక ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చట. నాకవేవీ లేవు. నీకూ లేవనుకుంటాను, ఉంటే నీ నోరు ఊరుకోదు.

నోవహు గారి సంగతి కనుక్కున్నావా? ఆయన పాదం లేస్తోందా? ఇది అందిన రోజే వెళ్ళు.

సీత


కార్ఖానా,
5 సెప్టెంబరు, శనివారం.

సీతా,

నిన్న మూడింటికి నీ ఉత్తరం వచ్చింది. "పాదం లేస్తోందా" అన్న చోటే ఆగిపోయాను. పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద నోవహు గారి కుడి చెప్పు రెండుసార్లు ఊడిపోయింది. "చెప్పు వదులైంది" అన్నారు. "కొత్తవి కొనుక్కోండి" అని నవ్వాను నేను!

ఆటో ఎక్కాను. కూర్చోలేక వెనక సీట్లో మోకాళ్ళ మీద నిలబడి, వెనక అద్దంలోంచి చూస్తూ మౌలాలి దాకా వెళ్ళాను. దారి పొడుగునా బస్సుల్లో వాళ్ళు నాకు చేతులూపారు. నేనూ ఊపాను, ఏం చెయ్యను!

తీరా వెళితే నోవహు గారింట్లో శుక్రవారం కుటుంబ ప్రార్థన. చాప నిండా జనం, అయ్యగారూ ఉన్నారు. నేను గుమ్మంలోనే "నోవహు గారూ, కుడి పాదం పైకెత్తండి" అన్నాను. మడమ నేల మీదే ఉంచి ముందు భాగం ఎత్తమన్నాను. మొహం ఎర్రబడేలా ప్రయత్నించారు. పాదం కదల్లేదు. "అయిదారు దినాల సంది గిట్లనే ఉన్నది" అన్నారు, చాలా మామూలుగా.

"ఇప్పుడే ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"ఏందమ్మా టీచరమ్మా, ఎందుకింత పరేషాన్ అయితున్నవ్? బ్రహ్మచారి ఇంక మూడు దినాలన్నడు."

"నా కాలు తగ్గలేదండీ. అంతా అబద్ధం."

ఆయన నవ్వేశారు. "నా పానం దక్కాలని నువ్విప్పుడు అబద్ధం చెప్తున్నవ్. దేవుని సన్నిధిల నిలబడి చెప్పినవ్ గదమ్మా. అది అబద్ధమెట్లయితది?"

చూశావా సీతా, ఎలా ఇరుక్కున్నానో! ఇంట్లో మాట ఇంట్లో మాటే, సాక్ష్యం సాక్ష్యమే ఆయనకి. ఇక ఒకటే దారి. చాప మధ్యకి వెళ్ళి నిలబడి, "అయ్యగారూ, నేను సాక్ష్యం చెప్పాలి" అన్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. "కళ్ళు తెరవండి!" అని అరిచాను. మాత్రల సంగతి చెప్పాను. సుద్దముక్క చెప్పాను. అందరూ వెళ్ళేదాకా ప్రార్థిస్తున్నట్టు ఎందుకు కూర్చున్నానో చెప్పాను. అయ్యగారి భార్య నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. చివరికి "చూడండి నా నడక" అని చాప ఈ చివర నుంచి ఆ చివరికి కుంటి చూపించాను. నెల రోజులుగా దాచిన కుంటు కదా, ఎంత సుఖంగా ఉందో చెప్పలేను!

ఎవరూ ఆమేన్ అనలేదు.

నోవహు గారు నా కాలినే చూస్తూ కూర్చున్నారు. "అయ్యగారూ, జెర లేపుండ్రి నన్ను" అన్నారు. అయ్యగారు ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. వచ్చిన ఆటోలోనే రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చేర్చుకున్నారు. నడుంలో ఎముకల మధ్య మెత్తటి దిండు పక్కకి జారి నరాన్ని గట్టిగా నొక్కేస్తోందట, సోమవారం ఆపరేషను. పాదం తిరిగి వస్తుందా అని అడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" నా చెవుల్లోంచి పోవడం లేదు.

మేబెల్


కాకినాడ,
10 సెప్టెంబరు.

మేబూ,

మంచి పని చేశావు. ఆలస్యంగా చేశావు. రెండూ నిజమే, రెండూ గుర్తుంచుకో.

నేను రోజూ మా వీధి చివరిదాకా నడుస్తున్నాను. మా వారు పక్కనే నడుస్తూ ఎదురొచ్చినవాళ్ళందరితో "సయాటికా అండీ" అని ముందుగానే చెప్పేస్తున్నారు. మొదట సిగ్గేసింది, ఇప్పుడు బాగుంది. నోవహు గారి సంగతి వెంటనే రాయి. కార్డు ముక్కయినా చాలు.

సీత


రైల్వే ఆసుపత్రి వరండా,
20 సెప్టెంబరు, ఆదివారం.

సీతాలూ,

ముందు పొద్దున జరిగింది చెబుతాను, లేకపోతే నేను పగిలిపోతాను.

నాలుగు వందల మంది ముందు ఆడిన అబద్ధం చాప మీద పదిహేను మంది ముందు దిద్దుకుంటే సరిపోదు కదా. ఇవాళ మళ్ళీ అదే వేదిక ఎక్కి మొత్తం చెప్పాను. చెప్పి దిగబోతుంటే మూడో వరసలో ప్రేమమణి గారు లేచారు. నన్ను కడిగేస్తుందనుకున్నాను. "నేనూ ఒక మాట చెప్పాలి. తలగడ తీసేస్తే నాకు మెడ పట్టేసింది. రెండేళ్ళయింది, ఇంకా అందరికీ తీసేయమనే చెబుతున్నాను" అంది! చర్చిలో కిచకిచమని నవ్వు. వెంటనే వేడి ఇటుకావిడ లేచి తొడ కాలిందని ఒప్పుకుంది. బెల్టాయన అది నడుం కోసం కాదు, పాంటు జారకుండా పెట్టుకుంటున్నానన్నాడు. చివరికి సువార్తమ్మ గారు, "ఆ బల్ల మీద నేనెన్నడూ పడుకోలేదు, నాకు పరుపే కావాలి" అని గట్టిగా అనేసరికి అయ్యగారు ప్రసంగం పుస్తకం మూసేసి పొట్ట పట్టుకున్నారు. ఇరవై నిమిషాలు సీతా! అంత నవ్వు మా చర్చి ఎప్పుడూ చూడలేదు. చివర్లో బ్రహ్మచారి దగ్గరికి వెళుతున్న పద్నాలుగు మందీ లేచి నిలబడ్డారు. రేపు వాళ్ళందరినీ డాక్టరుకి చూపించే బాధ్యత నా మీదే వేశారు అయ్యగారు.

అక్కణ్ణించి ఇక్కడికి వచ్చాను. ఆపరేషనయి పదమూడు రోజులు. రోజూ వస్తున్నాను, రోజూ ఆ పాదం దిండు మీద అలాగే పడి ఉంటోంది. నోవహు గారు జోకులేస్తారు, నేను నవ్వుతాను, ఇద్దరం పాదం వంక చూడకుండా మాట్లాడుకుంటాం.

ఇవాళ చర్చి సంగతి చెబితే ఆయన నవ్వి నవ్వి, ఒక్కసారి ఆగిపోయారు. "టీచరమ్మా, నీ మీద నాకు కోపముండె. మస్తు కోపముండె. గానీ ఒక్కటి సోచాయించిన. నువ్వు అబద్ధం చెప్తే ఊకనే నమ్మిన, నిజం చెప్తే నమ్మనంటి. ఎందుకంటే నువ్వు చెప్పిన అబద్ధంల ఆసుపత్రి లేకుండె. నా ఇంటామె ఇక్కడనే, గీ ఆసుపత్రిలనే పోయింది. నాకు ఈడికి రావొద్దని ఉండె. నువ్వు తోవ దొరకబట్టిచ్చినవ్, నేను ఉరికిన" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. క్షమించమని అడిగాను. ఆయన కాళ్ళ వంక చూస్తున్నారు. "ఇగో, ఇటు చూడు" అన్నారు.

బొటనవేలు. కుడి బొటనవేలు సీతా! ఒక్క గింజంత పైకి లేచి మళ్ళీ పడింది. "మీరే లేపారా?" అన్నాను. "మరి నువ్వు లేపినవా?" అన్నారు. మళ్ళీ లేపారు. మళ్ళీ! నేను పెట్టిన కేకకి పక్క మంచాల వాళ్ళంతా లేచి కూర్చున్నారు. ఆయన "ఆమేన్!" అని నాకంటే గట్టిగా అరిచారు. సిస్టరు పరుగున వచ్చింది, వేలు చూసింది, తనూ నవ్వింది, తర్వాత నా రెక్క పట్టుకుని వార్డు బయట నిలబెట్టి తలుపేసింది.

ఇది వరండాలో కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడి రాస్తున్నాను. డాక్టరు వచ్చి చూశాడు, పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది గానీ వస్తుందన్నాడు. లోపల్నుంచి నోవహు గారు ప్రతి అయిదు నిమిషాలకీ "టీచరమ్మా, ఇంకోపారి లేసింది!" అని కేకేస్తున్నారు, సిస్టరు ఆయన్ని కసురుతోంది. నా ఎడమ కాలు లాగుతోందే, నడుం నుంచి చిటికెన వేలిదాకా బాగా లాగుతోంది. ఇక్కణ్ణించి మాత్రం కదలబుద్ధి కావడం లేదు.

నీ మేబెల్